‘దెబ్బతిన్నాయి’ అన్న మాట చాలదు

అమ్మా, ఆశీస్సులు.

భూమిలో పూడ్చిన గ్యాస్ గొట్టాలను భూకంపాల బారి నుంచి కాపాడుకోవడం గురించి మీరు రాసిన వ్యాసం చేరింది. సమాచారం కష్టపడి సేకరించారు, చేతిరాత చక్కగా ఉంది. రెండుసార్లు మామూలుగా చదివి, మూడోసారి ఎర్రసిరా కలం పట్టుకుని ఒకే ఒక్క మాట కింద గీతలు గీస్తూ వెళ్లాను. ఆ మాట ‘దెబ్బతిన్నాయి’. ఎనిమిది పేజీల్లో అది పందొమ్మిది చోట్ల వచ్చింది. నార్త్‌రిడ్జ్‌లో గొట్టాలు దెబ్బతిన్నాయి, జపాన్‌లోని కోబేలో దెబ్బతిన్నాయి, అక్కడి సెన్‌డాయ్‌లోనూ దెబ్బతిన్నాయి. నేనీ ఉత్తరం రాయడానికి కారణం ఆ పందొమ్మిది గీతలే.

గొట్టం ఒకే రకంగా పాడవదు. నేల రెండువైపులకూ జరిగినప్పుడు లాగుడుకి తెగుతుంది. నేల ఎదురెదురుగా నెట్టుకున్నప్పుడు దాని గోడ లోపలికి ముడతపడి, ఆ ముడత అంచున చిట్లుతుంది. మరలు బిగించిన చోట ఊడిపోతుంది, తుప్పు తిన్న చోట పగులుతుంది, నీరుబట్టిన ఇసుకలో పైకి తేలి వంగిపోతుంది. మన భాషలో ఇన్ని క్రియలు ఉండగా, వాటన్నిటినీ పక్కకు నెట్టి ‘దెబ్బతిన్నాయి’ అని రాసినప్పుడు పాఠకుడికి భయం మాత్రమే చేరుతుంది, కారణం చేరదు. కారణం తెలియని చోట రక్షణ గురించి మీరెన్ని పేజీలు రాసినా ఆ మాటలు దేనికీ అతుక్కోవు.

మీరే ఎంచుకున్న ఉదాహరణ తీసుకోండి. 1994 జనవరి 17న తెల్లవారుజామున లాస్ ఏంజిలిస్ సమీపాన నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. గ్రెనడా హిల్స్ ప్రాంతంలోని బాల్బోవా వీధి కింద నేల ఒక పెద్ద దిమ్మెలా పక్కకు జరిగింది. 1930ల నాటి ఉక్కు గ్యాస్ గొట్టం ఒకచోట లాగుడుకి తెగి, అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరంలో నొక్కుడుకి నలిగింది. అదే వీధిలో పెద్ద నీటి గొట్టాలు కూడా పగలడంతో ఒకపక్క వరద, ఆ వరద మీదనే మంట. నీళ్లలో ఆగిపోయిన తన బండిని ఒకాయన మళ్లీ స్టార్ట్ చేయబోగా గ్యాస్ అంటుకుందని, ఐదు ఇళ్లు కాలిపోయాయని నమోదైంది. ఇంతవరకూ మీరు రాశారు. మీరు వదిలేసినదే ఈ కథలో అసలు సంగతి: అదే వీధి కింద, అదే నేలలో, అదే కుదుపుకి గురైన ఆధునిక ఉక్కు గొట్టాలు చెక్కుచెదరలేదు. తీవ్రత ఒకటే, వీధి ఒకటే. తేడా అంతా ఉక్కులోనూ దానికి వేసిన అతుకులోనూ ఉంది. 1971లో సాన్ ఫెర్నాండో భూకంపంలోనూ ఇదే కనిపించింది. పాతకాలపు ఆక్సీ ఎసిటిలీన్ మంటతో వేసిన అతుకులు తెగాయి, మంచి విద్యుత్ వెల్డింగుతో అతికిన గొట్టాలు చాలావరకు నిలబడ్డాయి. ‘తెగింది’ అని రాసి ఉంటే ‘ఎక్కడ’ అన్న ప్రశ్న మీకే పుట్టేది. ‘దెబ్బతిన్నాయి’ అని రాశారు కాబట్టి ఆ ప్రశ్న పుట్టలేదు.

నాకూ ఇది పుట్టుకతో తెలిసిన విద్య కాదు. పగలు ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతూ రాత్రుళ్లు విజ్ఞాన వ్యాసాలు రాసే రోజుల్లో, కోబే భూకంపం మీద నేను రాసిన వ్యాసం ఒక చిన్న పత్రికలో అచ్చయింది. అది పట్టుకుని, కోనసీమలో కాలువ గట్టు పక్కన గ్యాస్ గొట్టాలు వేస్తున్న చోటికి బస్సెక్కి వెళ్లాను. అక్కడ పనిచేసే ఒక పెద్దవయసు వెల్డరు వ్యాసమంతా చదివించుకుని విని, “పైపు పోయిందని రాశారు బాబూ. పైపు పోయిందా, అతుకు పోయిందా? అతుకు తెగితే నాబోటి వాడు జవాబు చెప్పాలి. పైపు తెగితే కంపెనీ వాడు చెప్పాలి. మీరు రాసినదాంట్లో ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు” అన్నాడు. ఇంటికొచ్చి ఆ వ్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరిగి రాశాను. దాన్ని వేసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రెండో ప్రతి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నేను రాసినవాటిలో నాకు నచ్చిన మొదటి వ్యాసం అదే.

ఆ వెల్డరు అడిగిన ప్రశ్ననే కోబేకి వేసి చూడండి. నార్త్‌రిడ్జ్ తర్వాత సరిగ్గా ఏడాదికి, 1995 జనవరి 17న వచ్చిన ఆ భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు. సుమారు 8,57,000 ఇళ్లకు గ్యాస్ సరఫరా ఆపవలసి వచ్చింది, పూర్తిగా పునరుద్ధరించేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది. మీరు దీన్ని ‘గొట్టాల వ్యవస్థ దారుణంగా దెబ్బతిన్నది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నిజానికి వెల్డింగు చేసిన అధిక పీడన గొట్టాలు బాగానే నిలిచాయి. ఇళ్ల వైపు వెళ్లే అల్ప పీడన గొట్టాల్లో మరలు బిగించిన అతుకులే ఎక్కువగా పోయాయి. మర చెక్కిన చోట గోడ పలచబడుతుంది, వంగే గుణం ఉండదు, నేల కాస్త జరిగితే చాలు. అదే ఊళ్లో వేసిన పాలిఇథిలీన్ అనే ప్లాస్టిక్ గొట్టాలు మాత్రం నేలతోపాటు సాగి, వంగి, తెగకుండా మిగిలాయి. ఆ తర్వాత జపాన్‌లో వీధి గొట్టాలకు ఆ రకాన్ని విస్తారంగా వాడడానికి ఇదొక ముఖ్య కారణం. ఇక మూడు నెలల జాప్యం ఎందుకంటే, పగిలిన నీటి గొట్టాల నుంచి నీరూ బురదా గ్యాస్ గొట్టాల్లోకి చొరబడ్డాయి. వాటిని వీధి వీధినా తోడిపోసి, ఇంటింటికీ వెళ్లి పరీక్షించాకే మళ్లీ గ్యాస్ వదిలారు. ఈ బురద మీ వ్యాసంలో లేదు. నేనైతే ఒక పేజీ దానికే ఇచ్చి ఉండేవాణ్ని.

ఐదో పేజీలో మీరు చేసిన సిఫారసు నన్ను కలవరపెట్టింది. ‘గొట్టాలను మరింత దృఢంగా చేసి మరింత లోతుగా పూడ్చాలి’ అని రాశారు. చదివినవాళ్లు నమ్ముతారు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. భూమిలో ఉన్న గొట్టం భవనంలా తనంతట తాను ఊగదు, చుట్టూ ఉన్న మట్టితో కలిసి కదులుతుంది. అందుకే కుదుపు ఒక్కటే అయితే మంచి వెల్డింగున్న గొట్టం సాధారణంగా తట్టుకుంటుంది. నేల శాశ్వతంగా జరిగిపోయినప్పుడే, అంటే నేల లోపలి పగులు, భ్రంశం అంటామే అది, కదిలినప్పుడో, వాలు జారినప్పుడో, ఇసుక నేల పట్టు విడిచినప్పుడో, గొట్టానికి అసలు పరీక్ష వస్తుంది. దమ్ము చేసిన చేలో మోకాలి దాకా దిగబడిన కాలిని పక్కకు లాగి చూడండి, మడమ దగ్గరే మెలిపడుతుంది, ఎందుకంటే మట్టి చుట్టూ బిగించి పట్టుకుని ఉంటుంది. భ్రంశాన్ని దాటే చోట గొట్టాన్ని లోతుగా పూడ్చి గట్టిగా దిమ్మిస కొడితే జరిగేది అదే: నేల జరిగిన మేరంతా కొద్ది మీటర్ల గొట్టం మీదే పడుతుంది. అక్కడ కందకం లోతు తక్కువగా, పక్కలు ఏటవాలుగా ఉండాలి, వదులైన ఇసుకతో పూడ్చాలి. వంపులూ వాల్వులూ దిమ్మెలూ భ్రంశానికి దూరంగా పెట్టాలి. అప్పుడు సాగుడు పొడవునా పంచుకుంటుంది. గొట్టం భ్రంశాన్ని దాటే కోణాన్ని కూడా, నేల జరిగితే అది నలగకుండా సాగేలా ఎంచుకుంటారు, ఎందుకంటే మంచి ఉక్కు తెగే ముందు ఎంతో సాగుతుంది గాని నొక్కుడుకి త్వరగా ముడతపడుతుంది. న్యూమార్క్, హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1975లోనే భ్రంశం దాటే గొట్టం ఎంత సాగుతుందో లెక్కకట్టే పద్ధతి చెప్పారు. మీరు ప్రస్తావించిన అలాస్కా గొట్టం చాలాచోట్ల నేల మీద వేసినది, అందులో పారేది చమురు. అయినా సూత్రం అదే. డెనాలి భ్రంశం దగ్గర అది దూలాల మీద పక్కకు జారేలా కట్టారు కాబట్టే 2002 నవంబరులో 7.9 తీవ్రతతో నేల 4 మీటర్లకు పైగా జరిగినా చుక్క చమురు కారలేదు.

అలాగని లోతు ఎప్పుడూ చెడ్డదని రాయకండి. గోదావరి డెల్టా లాంటి చోట, పైపైనే నీరున్న ఇసుక నేల, కుదుపుకి కాసేపు ఊబిలా మారుతుంది. లోపల గ్యాస్ తప్ప బరువేమీ లేని గొట్టం ఆ ఊబిలో, కాలువలో వేసిన అరటిబోదెలా పైకి తేలుతుంది. అక్కడ గొట్టానికి కాంక్రీటు బరువులు తొడుగుతారు, లేదా నీటి ఒత్తిడి బయటికి పోయేలా చుట్టూ కంకర వేస్తారు, ఏరు దాటే చోట ఆ ఇసుక పొర అడుగు నుంచి డ్రిల్లింగు చేసి లోతుగా తీసుకుపోతారు. ఒకే గొట్టం ఒక ఊళ్లో పైపైన, మరో ఊళ్లో లోతున ఉండడమే సరైన పని కావచ్చు. నేల ఎలాంటిదో చెప్పకుండా గొట్టం గురించి ఒక్క సలహా కూడా ఇవ్వకూడదని నేను ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను. భుజ్ భూకంపం తర్వాత కాన్పూర్ ఐఐటీ, గుజరాత్ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి పూడ్చిన గొట్టాల మీదే 2007లో మార్గదర్శకాలు వెలువరించాయి. అది చదవకుండా మన దేశం గురించి ఏడో పేజీ రాసి ఉండకూడదు.

ఈ విషయంలో సంపాదకుల మీద నాకున్న కోపం దాచుకోను. ‘ముడతపడి చిట్లింది’ అని నేను రాసిన వాక్యాన్ని ఒక సంపాదకుడు ‘తీవ్రంగా దెబ్బతిన్నది’ అని మార్చి, కందకం గురించి రాసిన పేరా మొత్తం తీసేసి, పైన ‘ప్రకృతి ప్రకోపం’ అని శీర్షిక పెట్టాడు. అడిగితే పాఠకుడికి ముడతలెందుకన్నాడు. ఇంకొకాయన ‘గ్యాస్ పైపు’ అన్న ప్రతిచోటా ‘భూగర్భ వాయు ప్రసరణ నాళిక’ అని దిద్దించాడు. ఆ పదం చూసి ఏ వెల్డరూ అది తన పని గురించేనని గుర్తుపట్టలేదు. తర్వాత తీవ్రత అంకెను మాత్రమే శీర్షికకెక్కించే అలవాటు వచ్చింది, ఇప్పుడు ప్రతి వ్యాసాన్నీ పెట్టెల్లో అంశాలుగా ముక్కలు చేయమంటున్నారు. మీరు కూడా చివరి పేజీలో అలాగే చేశారు. తీసేయండి. కారణానికీ ఫలితానికీ మధ్య ‘కాబట్టి’ అన్న మాట ఉండాలి, ముక్కలు చేస్తే అదే ముందుగా రాలిపోతుంది.

మీ ఆరంభం గురించి కూడా చెప్పాలి. 2014 జూన్ 27న కోనసీమలోని ‘నగరం’ అనే ఊళ్లో గ్యాస్ గొట్టం పేలిన ఘటనతో, బిడ్డను వెతుక్కునే తల్లితో వ్యాసం మొదలుపెట్టారు. మాడిపోయిన ఆ కొబ్బరి తోటలు నేనూ చూశాను, ఆ ఊరి మీద మీకున్న బాధను శంకించను. కాని అక్కడ భూకంపం లేదు, తుప్పు పట్టిన గొట్టం ఉంది. భూకంపాల వ్యాసానికి ఆ చావులను ద్వారబంధంగా నిలబెడితే తుప్పు చేసిన తప్పును నేల మీదికి నెట్టినట్లవుతుంది. ఆ ఊరి గురించి రాయదలిస్తే విడిగా, తుప్పు గురించే రాయండి. తుప్పు తిన్న చోట భూకంపానికి కూడా గొట్టం ముందుగా పగులుతుందన్న సంగతి మీ నాలుగో పేజీలో ఒక వాక్యంగా సరిపోతుంది.

మీ వ్యాసంలో క్రియలు సరిగ్గా పడిన చోటు ఒక్కటే ఉంది, సరఫరా ఆపే భాగం. జపాన్‌లో గట్టి కుదుపు రాగానే ఇంటి మీటరు తనంతట తానే గ్యాస్ ఆపేస్తుందనీ, ఇంట్లోవాళ్లు మీట నొక్కి సుమారు మూడు నిమిషాలు ఆగితే, కారుడు లేదని చూసుకుని మళ్లీ వదులుతుందనీ రాశారు. ఆపడం, నొక్కడం, ఆగడం, వదలడం: చదువుతుంటే చేతులు కనిపించాయి. టోక్యోలో నగరాన్ని విభాగాలుగా చేసి, సుమారు నాలుగు వేల చోట్ల సెన్సర్లు పెట్టి, కదలిక ఎక్కువున్న విభాగాన్నే దూరం నుంచి ఆపుతారన్నది కూడా దీని పక్కనే చేర్చండి. సెన్‌డాయ్‌లో 2011లో సునామీ తీరం దగ్గరి గ్యాస్ కేంద్రాన్ని ముంచినా, నీగాటా నుంచి సుమారు 260 కిలోమీటర్ల దూరం వచ్చే వెల్డింగు గొట్టం నిలబడి, ఆ నెలలోనే నగరానికి గ్యాస్ అందించింది. మీరు ‘దెబ్బతిన్నాయి’ జాబితాలో కలిపేసిన ఆ ఊరి కథలో తెగని గొట్టం కూడా ఒకటుంది.

ఏ పత్రికకు పంపాలో, ఎంత ఇస్తారో అడిగారు. వాటి సంగతి ఇప్పుడు వద్దు. ఇంగ్లీషు మాటలు వాడవచ్చా అన్నదానికి మాత్రం చెబుతాను: వాల్వు, మీటరు, వెల్డింగు అని పనివాళ్లు అంటుంటే అలాగే రాయండి.

ఆరో పేజీలో, ములుగు భూకంపం ప్రస్తావనలో, ఒక వాక్యం ఉంది. 2024 డిసెంబరు 4 ఉదయం 5.3 తీవ్రతతో భూమి కంపించిన తర్వాత మీ అమ్మమ్మగారు వీధిలో తవ్వుతున్న గ్యాస్ కందకం చూసి, “ఇది కూడా ఊగితే ఎలాగే?” అన్నారని. 1969లో భద్రాచలం భూకంపాన్ని ఆవిడ ఎరుగుదురని కూడా రాసి, మరుక్షణమే గణాంకాల్లోకి వెళ్లిపోయారు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి. మీ కాకినాడ వీధిలో ఇంకా ఎక్కడైనా ఆ కందకం పూడ్చకుండా ఉంటే రేపే వెళ్లండి. ఎంత లోతు తవ్వారో, అడుగున ఇసుక పరిచారో రాళ్లే ఉన్నాయో, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, గొట్టం ఉక్కుదా పాలిఇథిలీన్‌దా, కరిగించి అతికించారా మర బిగించారా, వీధి మొత్తానికి సరఫరా ఆపే వాల్వు ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో పనివాళ్లను అడిగి రాసుకోండి. అమ్మమ్మగారి ప్రశ్నకు జవాబు రాసిన ప్రతి నాకు పంపండి. మీ వ్యాసం, ఎర్రగీతలతో సహా, దీనితోపాటే తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి