డీఎమ్‌సీ1 లేకపోయినా క్రోమోజోములు ఎందుకు ముక్కలవ్వవు?

అరాబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో, తెగిన డీఎన్‌ఏను అతికించే డీఎమ్‌సీ1 ప్రోటీన్ లేని రకంలో (మ్యూటెంట్‌లో) 5 జంటలకు బదులు 10 విడి క్రోమోజోములు చెక్కుచెదరకుండా ఉన్నాయని, అలాంటిదే మరో ప్రోటీన్ ఆర్‌ఏడీ51 లేని మ్యూటెంట్‌లో మాత్రం అన్నీ ముక్కలయ్యాయని మీరు రాశారు. స్లైడ్ పాడైందేమోనని టెన్షన్ పడకండి, రావాల్సిందే వచ్చింది.

మియోసిస్ (బీజకణాలు తయారయ్యే కణవిభజన) మొదట్లో ఎస్‌పీఓ11 అనే ప్రోటీన్ డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంపుతుంది. తెగిన చోటును సమజాత క్రోమోజోమ్‌ను (జంటలోని రెండో క్రోమోజోమ్‌ను) చూసి అతికించే పని డీఎమ్‌సీ1ది. అది లేకపోతే ఆర్‌ఏడీ51 పక్కనే ఉన్న సోదర క్రోమాటిడ్‌ను (అదే క్రోమోజోమ్ నకలును) ఆధారం చేసుకుని అతికించేస్తుంది. అందుకే జంట కుదరదు గానీ క్రోమోజోమ్ విరగదు.

మరి ఆర్‌ఏడీ51 లేనప్పుడు డీఎమ్‌సీ1 ఆదుకోవాలి కదా? అసలు అందమంతా ఇక్కడే ఉంది. డీఎమ్‌సీ1 సరిగ్గా పనిచేయాలంటే ఆర్‌ఏడీ51 తోడుండాలి, అంతే. ఆ తోడు స్వయంగా పోగు మార్పిడి (తెగిన పోగును ఆధార డీఎన్‌ఏతో జతచేయడం) చేయలేకపోయినా ఫర్వాలేదు: అలాంటి ఆర్‌ఏడీ51-జీఎఫ్‌పీ (మెరిసే ప్రోటీన్ తగిలించిన ఆర్‌ఏడీ51) ఉన్న మొక్కలు విత్తనాలు కడతాయి.

రుజువు కావాలంటే ఆర్‌ఏడీ51, ఎస్‌పీఓ11-1 (ఈ మొక్కలోని ఎస్‌పీఓ11లో ఒక రకం) రెండూ లేని డబుల్ మ్యూటెంట్ చూడండి, డీఎన్‌ఏ తెగనే తెగదు కాబట్టి ఆ ముక్కలు కనిపించవు. మీ డీఎమ్‌సీ1 లైను మీద ఇంకా అనుమానముంటే గామా-హెచ్2ఏఎక్స్ (డీఎన్‌ఏ తెగిన చోట ఏర్పడే గుర్తు) యాంటీబాడీ వేయండి. చుక్కలు కనిపిస్తే డీఎన్‌ఏ తెగిందన్నట్టే. ఎస్‌పీఓ11-1 మ్యూటెంట్‌లో అవి దాదాపు ఉండవు.