వానాకాలం గుర్రం కాళ్ళకి పక్కులు – ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది అల్లూరి జిల్లా, పాడేరు వైపు కొండమీద ఊరు. రోడ్డు లేదు, సంతకి సరుకు దింపాలన్నా రేషన్ బియ్యం ఎక్కించాలన్నా గుర్రమే. వానలు మొదలైన కాడి నుంచి అది రాత్రీ పగలూ పల్లపు మడిలోనే ఉంటంది. వెనక కాళ్ళకి డెక్క పైన పక్కులు కట్టాయి, ముట్టుకుంటే కాలు లాగేసుకుంటంది. రోజూ గెడ్డలో శుభ్రంగా కడిగి వేపనూనె రాస్తున్నాం, అయినా తగ్గట్లేదు సార్. – ఒక గిరిజన రైతు

జవాబు: మీరు శ్రద్ధగానే చూసుకుంటున్నారండి, కానీ రోజూ కడిగి, ఆరనివ్వకుండా నూనె రాయడమే తగ్గనివ్వట్లేదు. నాట్లప్పుడు వరసగా నాలుగు రోజులు మడిలో దిగితే మన కాలివేళ్ళ సందులు నాని ఒలిసిపోతాయి కదా, గుర్రానికీ అంతే, డెక్క పైన వెనకవైపు గుంటలా ఉండే చోట చర్మం చాలా పల్చన, అక్కడ తడి ఆరకపోతే చర్మం పగిలి డెర్మటోఫిలస్ అనే బ్యాక్టీరియా లోపలికి పోద్ది, దీన్నే బురద జబ్బు అంటాం. కాళ్ళు తెల్లగా ఉన్న గుర్రాలకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. తడి మీద నూనె రాస్తే ఆ తడి లోపలే ఉండిపోద్ది, అందుకే మీ వేపనూనె పని చెయ్యట్లేదు.

ఊడొచ్చిన పక్కు ఒకటి తిరగేసి చూడండి. అడుగున వెంట్రుకలన్నీ కట్టగట్టినట్టు చిన్న పెయింట్ బ్రష్‌లా నిలబడి, కింద పచ్చటి చీము తడి కనపడితే చాలావరకు ఇదే.

ముందుగా కాలు చుట్టూ జుట్టు పొట్టిగా కత్తిరించండి. పక్కుల్ని ఎండుగా ఉన్నప్పుడు పీకొద్దు, అది చాలా నొప్పి, మిమ్మల్ని తన్నినా తప్పు దానిది కాదు. గోరువెచ్చటి నీళ్ళలో బెటాడిన్ ద్రావణం పల్చటి టీ డికాషన్ రంగు వచ్చేలా కలిపి గుడ్డతో 10 నిమిషాలు తడిపితే పక్కులు వాటంతటవే మెత్తబడి వస్తాయి, రానివి వదిలెయ్యండి, రేపొస్తాయి. ఊడినవి మాత్రం అక్కడే పారెయ్యకుండా కాల్చెయ్యండి, ఆ క్రిమి వాటిలో చాన్నాళ్ళు బతుకుతుంది. తర్వాత మంచినీళ్ళు పోసి, పొడి నూలుగుడ్డతో అద్ది పూర్తిగా ఆరనిచ్చాకే, పశువుల డాక్టర్ చెప్పిన ఆయింట్‌మెంట్. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, అరుదుగానైనా మనుషులకీ అంటుకుంటుంది. ఇలా రోజుకొకసారి, ఓ వారం. తగ్గాక కడగడం ఆపెయ్యండి, బురద ఎండనిచ్చి బ్రష్‌తో దులిపితే చాలు.

అసలు మందు మాత్రం పొడి చోటు. వాన ఆపలేం, మడి మార్చలేం, కానీ రాత్రిపూట 10 అడుగులకి 12 అడుగుల జాగా చాలు. కొంచెం మెరకలో, పైవైపు చిన్న కాలువ తీసి, కింద గులకరాళ్ళు, పైన ఇసుక, దానిమీద ఎండుగడ్డి, నెత్తిన టార్పాలిన్. ఆరేడు గంటలు కాళ్ళు ఆరితే చర్మం దానంతటదే కోలుకుంటుంది.

మీరు రాయలేదు గానీ మన ఏజెన్సీలో ముందుకాళ్ళకి తాడు కట్టి వదిలేస్తారు కదా, ఆ తాడు కింద బురద ఇరుక్కుని రోజంతా రాపిడే. ఒకసారి తాడు పైకి జరిపి చూడండి, జుట్టు ఊడి ఎర్రగా ఉంటే ఈ వానాకాలం దాన్ని మానేసి మెడకి పట్టీ వేసి గుంజకి కట్టండి.

డెక్కల అడుగున కూడా రోజూ బురద గీకెయ్యండి. మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం పక్కన నల్లటి జిగురు, కుళ్ళిన వాసన వస్తే లోపల కుళ్ళు మొదలైనట్టు. 6 నుంచి 8 వారాలకోసారి డెక్కలు చెక్కించాలి, నాడాలు వదులయ్యాయేమో కూడా చూసుకోవాలి.

వీటికి మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. కాలు మొత్తం వేడిగా వాచినా, కుంటినా, జ్వరం 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా డాక్టర్ చూడాలి. నాలుగు కాళ్ళూ పొట్ట కిందా వాపు వచ్చి జ్వరం వస్తూ పోతూ గుర్రం చిక్కిపోతుంటే అది బురద జబ్బు కాదు, జోరీగల వల్ల వచ్చే సర్రా కావచ్చు, రక్తపరీక్ష చెయ్యాలి. కాలి లోపలివైపు వరసగా బుడిపెలు లేచి తేనెలాంటి రసి కారితే వాటిని ముట్టుకోకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి, అది గ్లాండర్స్ అనే అంటువ్యాధి కావచ్చు, మనుషులకి ప్రాణాంతకం. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ రోడ్డు ఉన్నంతవరకు వస్తుంది, అక్కడిదాకా గుర్రాన్ని మెల్లగా నడిపించుకు రండి. గ్లాండర్స్ అనుమానం ఉంటే మాత్రం గుర్రాన్ని రోడ్డుదాకా తీసుకురావద్దు, ఊళ్ళోనే విడిగా కట్టేసి డాక్టర్‌నే రమ్మనండి. టెటనస్ ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడగండి, గుర్రాలకి చిన్న గాయం నుంచి కూడా ధనుర్వాతం వస్తుంది.

కొత్త వెంట్రుక మొలిచేదాకా దానిమీద బరువు వెయ్యొద్దు. అప్పటిదాకా సరుకుకి పక్కింటి వాళ్ళ గుర్రాన్ని అడిగి తెచ్చుకోండి, మీ గుర్రానికి వాడిన బ్రష్, గుడ్డ, తాడు మాత్రం దానికి వాడొద్దు.