వాగూ బాటా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అనంతగిరి గుట్టల్లో వాగులనూ కాలిబాటలనూ చూసుకుంటున్న స్వచ్ఛంద బృందాలు పంపిన ప్రశ్నలివి. మూసీ పుట్టేది ఇక్కడే. ఇక్కడ మూసీలోకి దిగిన మట్టి చేరేది గండిపేట చెరువుకే. జవాబులకు ముందు ఒక మాట: ఇది రిజర్వు ఫారెస్టు. తవ్వాలన్నా, కంప కొట్టాలన్నా అటవీశాఖ రేంజి అధికారి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ప్రశ్న: బాట మీద పడ్డ గండ్లను ఏటా వేసవిలో మొరం పోసి పూడుస్తున్నాం. రెండు పెద్ద వానలకే అంతా కొట్టుకుపోతోంది. సిమెంటు వేస్తే ఆగుతుందా? (వికారాబాద్)

ఆగదు. నీళ్లు సిమెంటు పక్కనుంచి దారి చేసుకుంటాయి, రెండేళ్లలో పలక కింద మట్టి పోయి పలకే విరుగుతుంది. మీ బాట నడుములోతు కాలువలా మారింది కాబట్టి గుట్ట మీది నీళ్లన్నీ అందులోకే దిగుతున్నాయి. అవి పారినంత కాలం ఏం పోసినా నిలవదు. నీళ్లు వేగం అందుకోకముందే వాటిని బాట మీంచి పక్కకు దింపాలి.

ముందు వాలు కొలవండి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు, ఒక టేపు చాలు. పది మీటర్ల దూరానికి ఒక మీటరు దిగితే వాలు పదికి ఒకటి. అలాంటి చోట సుమారు 25 మీటర్లకొక మళ్లింపు సరిపోతుంది. పదికి రెండు ఉంటే 14 మీటర్లకొకటి, మూడు ఉంటే 10 మీటర్లకొకటి పెట్టండి. అంతకు మించితే మళ్లింపులతో పని జరగదు, రాతి మెట్లు కట్టాలి.

చాలామంది బాటకు అడ్డంగా రాళ్ల వరస పేర్చి వదిలేస్తారు. ఆ వరస వెనక ఒక్క వానకే ఆకులూ ఇసుకా నిండిపోతాయి. నడిచేవాళ్లు దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతారు, అక్కడ కొత్త గండి మొదలవుతుంది. మా సలహా, మెత్తటి పల్లం. బాట మీద మూడు మీటర్ల పొడవున 15 సెంటీమీటర్ల లోతుకు దిగేలా చెక్కండి. తీసిన మట్టిని దిగువన మరో మూడు మీటర్ల మేర మెల్లగా లేచే దిబ్బగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి. పల్లం అడుగు బాటకు 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా సాగి, లోయ వైపు వంగి ఉండాలి. తిన్నగా అడ్డంగా తవ్వితే నీళ్లు ఆగి బురద పేరుకుంటుంది, ఏటవాలుగా ఉంటే పారే నీళ్లే దాన్ని కడిగేస్తాయి. బయటికి పోయే మూతి కనీసం రెండడుగుల వెడల్పు ఉండాలి. దాని ముందు నాలుగు పెద్ద రాళ్లు పరిచి, నీళ్లను ఆకులున్న అడవి నేల మీదికి వదలండి. నేరుగా వాగులోకి వదిలితే బురద కూడా వాగులోకే పోతుంది. రాతి నేల వల్ల పల్లం తవ్వలేని చోటే రాళ్ల వరస పెట్టండి. అప్పుడు కూడా ప్రతి రాయిలో మూడింట రెండు వంతులు భూమిలోకి దిగాలి.

బాట గుట్టకు నిలువుగా దిగుతుంటే ఇవేవీ పనిచేయవు, ఎందుకంటే నీళ్లు పక్కకు పోవడానికి పల్లపు వైపంటూ ఉండదు. బాట వాలు గుట్ట పక్కవాలులో సగం దాటకూడదన్నది పాత లెక్క. పక్కవాలు పదికి నాలుగైతే బాట వాలు రెండు దాటకూడదు. దాటితే అధికారులతో మాట్లాడి బాటనే మళ్లించండి, పాతదాన్ని కంపతో మూసేయండి.

ప్రశ్న: బాట పక్కన ఒర్రెలో కట్టిన రాతికట్టలు వరసగా కూలిపోయాయి. తప్పెక్కడ జరిగింది? (పరిగి)

మీరు పంపిన ఫొటోలో కట్ట నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా ఉన్నాయి. నీళ్లు అంచులకు చేరి గట్టును కోసేశాయి. నడుమ భాగం అంచులకంటే కనీసం అడుగు దిగి ఉండాలి. కట్ట పేర్చే ముందు అడుగులోతు పునాది తీసి, రెండు గట్లలోకీ రాళ్లను చొప్పించాలి. ఎగువ ముఖం అడుగు ఎత్తుకు అడుగు చాచే వాలులో ఉంటే చాలు. దిగువ ముఖం మాత్రం అడుగు ఎత్తుకు మూడడుగులు చాచే వాలులో, అన్నిటికంటే పెద్ద రాళ్లతో ఉండాలి. పిడికిలంత రాళ్లు లోపల నింపడానికే పనికొస్తాయి. ఎత్తు ఒక మీటరు దాటనివ్వకండి. దూరానికి లెక్క: కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. వాలు పదికి ఒకటి, ఎత్తు 60 సెంటీమీటర్లు అయితే ఆరు మీటర్లకొకటి. పని ఎప్పుడూ పైనుంచి మొదలుపెట్టండి. రాళ్ల కోసం వాగు అడుగును మాత్రం తవ్వకండి.

ప్రశ్న: లాంటానా కంపను నరికిన కొద్దీ గుబురుగా లేస్తోంది. కాల్చేయమంటున్నారు. (వికారాబాద్)

కాల్చకండి. మొదలు బతికే ఉంటుంది, మిగతా చెట్లు మాడతాయి. కాండానికీ వేరుకూ మధ్య కణుపు నుంచే చిగుళ్లు వస్తాయి కాబట్టి కత్తితో పైన నరికితే లాభం లేదు. తొలివానలకు నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే, గడ్డపారతో నేలకు రెండంగుళాల కింద తల్లివేరు తెంపండి. పొదను ఎత్తి తలకిందులుగా పెట్టండి, వేరు మట్టికి తగలకూడదు. తర్వాత రెండు మూడేళ్లు, పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు పీకుతూనే ఉండాలి. గింజలు పడేది అక్కడే.

గుట్టంతా ఒకేసారి ఖాళీ చేస్తే వానకు మట్టి దిగుతుంది. గుట్టకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా తీసి, అదే గుట్ట మీద సేకరించిన గడ్డి విత్తనం చల్లండి.

ప్రశ్న: సీడ్ బాల్స్ (విత్తనాలు పెట్టి ఎండబెట్టిన మట్టి ఉండలు) విసిరితే సరిపోతుందా? (హైదరాబాద్)

ఫొటోలకు సరిపోతుంది. నేరేడు గింజ ఆరితే రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది, ఎండబెట్టిన ఉండలో ఏం మిగులుతుంది? వాగు గట్టుకు ఏరుమద్ది, నేరేడు, కానుగ మొక్కలే నాటండి. ఒకటిన్నర అడుగుల గుంత, చుట్టూ తుమ్మకంప.

ప్రశ్న: మా స్కూలు పిల్లలతో వాగు నీళ్లు పరీక్షించాలని ఉంది. ఏం కొలవాలి? (తాండూరు, టీచర్)

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), కరిగిన ఆక్సిజన్, మురికిదనం చాలు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలకు కష్టం. స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస హద్దు 5. నాచున్న నీటిలో ఆక్సిజన్ తెల్లవారేసరికి బాగా పడిపోయి మధ్యాహ్నానికి పెరుగుతుంది, అందుకే ప్రతిసారీ ఒకే వేళకు కొలవండి. లేకుంటే అంకెలను పోల్చలేరు.

అన్నిటికంటే ఉపయోగపడేది వాన తర్వాతి మురికిదనం. బాట వాగును దాటే చోటికి ఎగువన ఒక నమూనా, దిగువన ఒకటి తీసుకోండి. రెంటికీ తేడా ఎంతుంటే మీ బాట వాగులోకి అంత మట్టి పంపుతోందన్నమాట. ప్రవాహం ఉధృతంగా ఉంటే పిల్లల్ని దింపకండి, ఒడ్డునుంచి తాడు కట్టిన డబ్బాతో తీయండి.

మలకాలుష్యం ఉందో లేదో చూడటానికి హెచ్‌టూఎస్ సీసా (పరీక్ష మందు వేసి ఉంచిన సీసా) వాడొచ్చు. నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచితే, కలుషితమైతే నల్లబడుతుంది. అడుగు బురద కలిసినా నల్లబడొచ్చు, కాబట్టి పైనీళ్లే పట్టండి. నల్లబడలేదు కదా అని తాగించకండి. వాడిన సీసాలో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రాత్రి ఉంచి, తర్వాతే పారబోయండి.