మీ ప్రశ్న – మా జవాబు: ఒక్కపూట టిజువానా, బీరు తయారీ చూడడానికి

ప్రశ్న: మా కొడుకు శాన్‌డియాగోల ఉంటడు. నేను, మా ఇంటావిడ విజిటింగ్ వీసా మీద పోతున్నం. పొద్దున బయల్దేరి మెక్సికోల టిజువానాకు తీస్కపోయి, చిన్న చిన్న బీరు తయారీ కేంద్రాలు చూపిస్తనంటుండు. మాకు మెక్సికో వీసా కావాల్నా? వాని హెచ్‌1బీ స్టాంపింగు గడువు అయిపోయింది, ఐ-797 మంజూరు కాయితం మాత్రం ఉంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ ఇద్దరికీ చిక్కు లేదు, చిక్కంతా మీ అబ్బాయికే. పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు. సరిహద్దు దగ్గర ఎఫ్‌ఎంఎం అనే ప్రవేశపత్రం ఇస్తారు. భూమార్గాన పోయి ఏడు రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్లు దానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇక అబ్బాయి సంగతి. స్టాంపు గడువు తీరినా, ఐ-94 (అమెరికాలో ఉండే గడువు చూపే ప్రవేశ రికార్డు) చెల్లుతుంటే, మెక్సికోకు పోయి 30 రోజుల్లోపు వచ్చినవాళ్లను అమెరికా తిరిగి రానిస్తుంది. దీన్నే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. చాలామంది ఇంతవరకే చదివి బయల్దేరతారు. అది అమెరికా ఇచ్చే వెసులుబాటు. మెక్సికో మాత్రం గడువున్న అమెరికా వీసానే చూస్తుంది. కాబట్టి ఆయన ముందుగా మెక్సికన్ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. ‘ఎలాగూ పోతున్నాం కదా, అక్కడే స్టాంపింగుకు పెడదాం’ అనుకుంటే ఈ వెసులుబాటు వర్తించదు. అసలు పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింటు, అబ్బాయి ఐ-797 అన్నీ చేతిలో ఉండాలి, జిరాక్సులు పనికిరావు. ఒకపూట అవతలికి పోయొచ్చినందుకు అమెరికాలో మీకిచ్చిన గడువు పెరుగుతుందని లెక్క వేసుకోకండి.

కారు వద్దు. అమెరికా ఇన్సూరెన్సు అవతల చెల్లదు, మెక్సికో పాలసీ విడిగా కొనాలి. పైగా నడిపేవాళ్లు చుక్క కూడా ముట్టకూడదు. శాన్‌డియాగోలో బ్లూ లైన్ ట్రాలీ (పట్టాల బండి) ఎక్కి చివరి స్టేషన్ శాన్‌యసిడ్రోలో దిగి, నడిచే సరిహద్దు దాటండి. అక్కణ్నుంచి టిజువానాలోని సోనా రియో ప్రాంతంలో ఉన్న ప్లాసా ఫియెస్తాకు టాక్సీలో దగ్గరే. ఒకే ఆవరణలో చిన్న కంపెనీల బీరు గదులు చాలా ఉంటాయి. ఎక్కువ భాగం మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు కాబట్టి మరీ పొద్దున్నే పోయి లాభం లేదు. తయారయ్యే చోటు చూడాలంటే ముందే రాసి అనుమతి తీసుకోవాలి. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఎన్సెనాడా ఊరు కూడా అదే రోజు చూద్దామంటే వద్దనే చెబుతాం. అది ఇంకో వంద కిలోమీటర్లు.

తిరిగొచ్చేటప్పుడు నడిచేవాళ్ల వరుసలోనూ గంటలకొద్దీ నిలబడాల్సి రావచ్చు. ఆదివారం సాయంత్రాలు మరీ కష్టం. మంగళ, బుధవారాలు పెట్టుకోండి. వరుసలో చేరకముందే బాత్రూముకు పోయి, మంచినీళ్ల సీసా కొనుక్కోండి.

ప్రశ్న: నాకు తెలిసింది 650 మి.లీ. సీసా బీరే. అక్కడ చిన్న గ్లాసుల్లో రుచి చూపిస్తరంట. ఎన్ని తాగొచ్చు?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: గ్లాసు చిన్నదని మోసపోకండి. ఒక్కోటి సుమారు 120 మి.లీ., నాలుగైతే 480. నాలుగూ ఐపీఏ అనే చేదు రకం బీరే, ఆల్కహాలు ఏడు శాతం అనుకుంటే అందులో అసలు ఆల్కహాలు 33.6 మి.లీ. మీ 650 సీసా ఐదు శాతందైతే 32.5. అంటే నాలుగు చిన్న గ్లాసులు ఒక పెద్ద సీసాతో సమానం. స్టౌట్లనే నల్ల బీర్లలో పది శాతం దాటేవి కూడా ఉంటాయి. తేలిక లాగర్‌తో మొదలుపెట్టి, చేదు ఐపీఏ, చివర నల్ల స్టౌట్ తీసుకోండి. ముందే ఐపీఏ తాగితే ఆ చేదు నాలుకను పట్టుకుని లాగర్ నీళ్లలా అనిపిస్తుంది. వీలైతే మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) గింజలు నాలుగు అరచేతిలో పోయించుకుని నమిలి చూడండి. లేత రంగువి వేయించిన పేలాల్లా కమ్మగా, నల్లగా మాడ్చినవి కాఫీ గింజల్లా చేదుగా ఉంటాయి. స్టౌట్ రంగు, రుచి వచ్చేది ఆ నల్ల గింజల నుంచే.

ప్రశ్న: అక్కడి సీసాలు నల్లగొండ దాకా తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమెరికాలోకి మనిషికి ఒక లీటరు వరకే సుంకం లేదు. 355 మి.లీ. సీసాలు రెండే తీసుకోండి, మూడైతే 1,065 అవుతుంది. తెచ్చేవాళ్లకు 21 ఏళ్లు నిండాలి. మెక్సికోలో 18కే తాగనిస్తారు కాబట్టి కాలేజీ పిల్లలు ఇక్కడే పొరబడతారు. ఇండియాలోకి పెద్దవాళ్లకు మనిషికి రెండు లీటర్లు.

తేవచ్చు గానీ మేమైతే తెమ్మనం. ఈ బీర్లు చాలావరకు వడకట్టనివి, పాశ్చరైజ్ చేయనివి. పొద్దుటి కల్లు సాయంత్రానికి పులిసినట్టు ఇవి పులవవు గానీ, వేడికి హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పరిమళం పోయి తడి అట్టముక్క వాసన వస్తుంది. ఎండ తగిలితే ఇంకా కంపు, అందుకే ముదురు గోధుమరంగు సీసాలే మేలు.

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌ల లైసెన్సు తీస్కొని మైక్రోబ్రూవరీ పెడ్దమనుకుంటుండు. మా బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది. బీరు కాసేటప్పుడు గంటసేపు మరిగిస్తరు గదా, పోదా?
– ఒక పాఠకుడు, మర్రిగూడ

జవాబు: పోదు, పెరుగుతుంది. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే నల్లగొండ టెక్నిక్‌తో తగ్గించొచ్చు. కానీ పటికతో నీళ్లలో సల్ఫేటు పెరుగుతుంది, సల్ఫేటు హాప్స్ చేదును పదును చేస్తుంది. ఐపీఏకు పరవాలేదు, తేలిక లాగర్ చెడుతుంది. టిజువానాకు వచ్చేవి కూడా ఎక్కువగా కొలరాడో నది నుంచి కొండలెక్కించి తెచ్చే గట్టి నీళ్లే. అలాంటి నీళ్లకు పద్ధతి ఒకటే. ఆర్వోలో లవణాలన్నీ తీసేసి, బీరు రకాన్ని బట్టి జిప్సం, కాల్షియం క్లోరైడ్ తూచి కలపాలి. ఆర్వో వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువుంటుంది, దాన్ని పశువుల తొట్టిలోకి పోనివ్వకండి.