ఓబులమ్మ అంటే ఏమిటి?

ప్రశ్న: మాకు రెండో కాన్పులో పాప పుట్టింది. మా అత్తగారు వాళ్ల అవ్వ పేరు ఓబులమ్మ అని పెట్టాలని పట్టుబడుతున్నారు. ఫోన్లో ఎంత వెతికినా అర్థం దొరకలేదు. రేపు బళ్లో పిల్లలు నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఈ పేరుకు అర్థముందా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఉందమ్మా, గట్టి అర్థమే ఉంది. ఓబులమ్మ అంటే అహోబలమ్మ. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం నరసింహస్వామి పేరు అది. 2022 దాకా ఆ క్షేత్రం కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లా. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామిని చూసి దేవతలు ‘అహో బలం’, అంటే ఆహా ఏమి బలం, అన్నారని స్థలపురాణం. గుహలో వెలిశాడు కాబట్టి అహోబిలం అని కూడా అంటారు. మన ఇళ్లలో పేరుగా నిలిచింది మాత్రం ఆ బలమే.

మా జేజి పేరూ ఇదే. ఆమె పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి చెంబు ఇప్పుడు కడపలో మా ఇంట్లో ఉంది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, చింతపండు పెట్టి తోమీ తోమీ సగం అరిగిపోయింది. కంటికి సరిగ్గా ఆనదు గానీ వేలితో తడిమితే తెలుస్తుంది: ‘ఓబళమ్మ’. ‘బు’ కాదు, ‘బ’. ‘ల’ కాదు, ‘ళ’. పాత రాతల్లో ఈ పేరు అహోబళ, ఔబళ, ఓబళ అని కనిపిస్తుంది. నోట్లో ‘హ’ జారిపోయి అహో కాస్తా ఔ అయింది, ఔ ఓ అయింది. తిరుమల తిమ్మ అయినట్టే. సుభద్రా కల్యాణం రాసిన తాళ్లపాక తిమ్మక్కను తిరుమలమ్మ అని కూడా అంటారు గదా!

మగవాళ్లలో ఓబులేసు, ఓబుల్ రెడ్డి, ఓబన్న. ఊళ్లలో రైల్వేకోడూరు వైపు ఓబులవారిపల్లె, కదిరి వైపు ఓబుళదేవరచెరువు. ఇంతగా అల్లుకుపోయిందంటే ఆశ్చర్యమేముంది? కనుమ నాడు పారువేట మొదలైతే స్వామి పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. చెంచులకైతే ఆయన ఇంటి అల్లుడు, చెంచులక్ష్మి మొగుడు. గడప దాకా వచ్చిన దేవుడి పేరు బిడ్డకు పెట్టుకోరూ!

మీ టెన్షన్ నాకు తెలియనిది కాదు. మా చెల్లెలికి జేజి పేరే పెట్టారు. బళ్లో పిల్లలు ‘ఓబూ, ఓబూ’ అని ఏడిపిస్తే ఇంటికొచ్చి పలక విసిరికొట్టేది. పదో తరగతి రాకముందే లక్ష్మి అని మార్పించుకుంది. అప్పుడు దాని పక్కన కూర్చుని, నీ పేరులో ఉన్నది ఇదీ అని చెప్పడానికి నాకు అర్థం తెలియదు. అరవై దాటినా ఆ బాధ నాకు పోలేదు. ఈమధ్య ఆ చెంబు చేతికిచ్చి చెప్తే, చాలాసేపు ఆ అక్షరాలే తడుముతూ కూర్చుంది.

నా మాటైతే పెట్టండి. పూర్తి పేరు బరువనిపిస్తే ‘ఓబుళ’ అని రాయించండి, పిలవడానికి సులువు, జేజమ్మ పేరూ నిలుస్తుంది. పొట్టిగా ‘ఓబు’ అనడం మాత్రం ఇంట్లో ఎవరికీ అలవాటు చేయకండి. కంగారు పడి ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని కూడా లేదు. పుట్టుక నమోదు చేయించి ఉంటే, ఆ తేదీ నుంచి ఏడాది లోపల సర్టిఫికెట్‌లో పేరు ఉచితంగానే చేర్పించుకోవచ్చు. ఈలోగా మీ అత్తగారిని అడిగి చూడండి, వాళ్ల అవ్వకు ఆ పేరు ఏ మొక్కుతో పెట్టారో.