ఆరుబయట మెత్తల సంరక్షణ గురించి మేనకోడలికి లేఖ

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కళింగపట్నం తీరాన మీరు నడుపుతున్న అతిథి గృహంలో తోట కుర్చీల మెత్తలకు ఏడాది తిరగకముందే నల్లచుక్కలు పడ్డాయనీ, ఎంత ఉతికినా పోవడం లేదనీ రాశావు. వానకు తట్టుకునే గుడ్డ అని చెప్పి అమ్మినవాడు మోసం చేశాడేమోనని అడిగావు. చాలాకాలంగా సోఫాలూ మెత్తలూ కుట్టించే పనిలో ఉన్నవాణ్ణి కనుక కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. అమ్మినవాడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. అక్రిలిక్, పాలియెస్టరు వంటి పోగులు బూజుకు ఆహారం కావు. వాటి మీద పేరుకున్న దుమ్ము, చెమట, తలనూనె, చిందిన టీ, రాలిన ఆకుల పొడి, వీటికి తడి తోడైతే బూజు పడుతుంది. నూలు గుడ్డ సంగతి వేరు. అక్కడ బూజు దారాన్నే తినేస్తుంది కాబట్టి, పొందూరు ఖద్దరు మన జిల్లాల సొత్తే అయినా దాన్ని గది లోపలి దిండ్లకే ఉంచుకో.

ముందుగా నీ దగ్గరున్నది ఏ గుడ్డో తేల్చుకోవాలి. జిప్పు పక్కన చీటీ ఉంటే చదువు. లేకపోతే లోపలి మడత నుంచి ఒక పోగు లాగి, పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది నూలు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే కృత్రిమ దారం. ఆ తర్వాత గుడ్డ వెనక వైపు చూడు. పోగు తయారయ్యేటప్పుడే రంగు కలిపిన గుడ్డ రెండు వైపులా ఒకే రంగులో ఉంటుంది, ఎండకు తొందరగా వెలవదు. పైన అచ్చు వేసిన గుడ్డకు వెనక వైపు పాలిపోయి ఉంటుంది. అయితే నేసిన తర్వాత రంగులో ముంచిన గుడ్డ కూడా రెండు వైపులా ఒకేలా కనిపించవచ్చు కనుక, ఏ మందు వాడినా ముందు లోపలి అంచు మీద చుక్క వేసి, ఆరేదాకా ఆగి చూడటం తప్పనిసరి.

రోజువారీ పనిలో తడి అవసరం లేదు. పొద్దున్నే మెత్తలను ఎత్తి నిలబెట్టి తట్టి, పొడి బ్రష్షుతో పైపింగు (అంచున కుట్టిన గుండ్రటి పట్టీ) వెంబడి ఇసుకనూ, సరుగుడు ఆకులనూ దులిపించు. దులపకుండా నీళ్లు పోస్తే ఆ దుమ్మంతా బురదై పోగుల మధ్యకు దిగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు గుడ్డ మీద చేరి తేమను లాక్కుంటూ ఉంటుంది. వాన లేని రోజున కూడా సాయంత్రానికి మెత్త చెమ్మగా తగలడానికి కారణం అదే. అందువల్ల వారానికోసారి తొడుగుల మీద మంచినీళ్లు చల్లి తుడిపించి, ఎండ ఉండగానే ఆరబెట్టించడం మంచిది. ఆ నీళ్లు బోరువి కాకుండా చూసుకో. ఉప్పు నీటిలో సబ్బు నురగ రాదు, ఆరాక తెల్లని చారలు మిగులుతాయి.

ఉతకవలసి వచ్చినప్పుడు లీటరు నీటికి 15 మిల్లీలీటర్ల చొప్పున ఘాటులేని ద్రవ సబ్బు కలిపితే చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలే గాని 38 డిగ్రీలు దాటకూడదు. మెత్తని బ్రష్షుతో రుద్ది, కాసేపు నాననిచ్చి, నురగ పూర్తిగా పోయేంత వరకూ జాడించాలి. ఈ చివరి పనిలోనే అందరూ బద్ధకిస్తారు. మిగిలిన సబ్బు జిగటగా ఉండి కొత్త దుమ్మును పట్టుకుంటుంది, వారం తిరక్కుండా మళ్లీ మురికి అంటారు. కార్లు కడిగే పంపుతో దగ్గరి నుంచి కొట్టించవద్దు, కుట్లు విడిపోతాయి.

ఇప్పుడు నీ నల్లచుక్కల సంగతి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బయట ఎండలో, ముందు పొడిగా దులిపించు. పోగు తయారయ్యేటప్పుడే రంగు కలిపిన అక్రిలిక్ గుడ్డ అయితే లీటరు నీటికి 60 మిల్లీలీటర్ల క్లోరిన్ బ్లీచు, 15 మిల్లీలీటర్ల సబ్బు కలిపి తడిపి, 15 నిమిషాలు ఉంచి, రుద్ది, ఎక్కువ నీళ్లతో జాడించు. మిగతా రంగు గుడ్డలకు ఇది వాడితే బూజుతో పాటు రంగు కూడా పోతుంది. కాలువల్లో చల్లే బ్లీచింగు పౌడరు మాత్రం వద్దు. కరగని పలుకు ఆగిన చోటల్లా మచ్చ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్లీచులో వెనిగరు గాని, బాత్రూములు కడిగే యాసిడ్ గాని, అద్దాలు తుడిచే అమోనియా మందు గాని కలిపితే విషవాయువు పుడుతుంది. ఈ మాట పనివాళ్లకు నువ్వే స్వయంగా చెప్పు, చేతులకు తొడుగులు కూడా ఇప్పించు.

మరకల్లో నిన్ను ఎక్కువగా కంగారు పెట్టేది పసుపు. చేపల పులుసు చుక్క పడిన చోట సబ్బు రాయగానే పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది. సబ్బులోని క్షారానికి, సున్నం తగిలి పారాణి అయినట్లే, పసుపు రంగు మారిందన్నమాట, గుడ్డకు ఏమీ కాలేదు. బాగా జాడించి ఎండలో పెడితే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది. తలనూనె మరక మీద మొక్కజొన్న పిండి చల్లి, అది నూనెను పీల్చుకున్నాక దులిపి, తర్వాతే సబ్బు పెట్టు. కాకి రెట్టను పచ్చిగా తుడవక, ఎండాక గీకించు. జీడిమామిడి పండ్ల రోజుల్లో మాత్రం పిల్లల మీద ఓ కన్నేసి ఉంచు. ఆ రసం పడిన వెంటనే నీళ్లతో కడగాలి, ఎండిందంటే ఇక ఆశ వదులుకోవడమే.

గుడ్డ మీద చూపే శ్రద్ధలో సగమైనా లోపలి స్పాంజి మీద ఎవరూ చూపరు. నా దగ్గరికి వచ్చే పాడైన మెత్తల్లో ఎక్కువ శాతం లోపలి నుంచి కుళ్లినవే. వానకు నానితే తొడుగు విప్పి, స్పాంజిని బల్ల మీద పరచి, రెండు అరచేతులతో ఒక చివర నుంచి మరో చివరకు అదుముతూ నీరు వెళ్లగొట్టించు. గుడ్డలా మెలితిప్పి పిండితే లోపల చిరుగుతుంది. తర్వాత అంచు మీద నిలబెట్టి గాలి ఆడే నీడలో ఉంచు. నేరుగా ఎండలో పెడితే పసుపుపచ్చగా మారి, పొడిపొడిగా రాలుతుంది. పైకి ఆరినట్లు కనిపించినా నడిమధ్యలో తెల్ల కాగితం పెట్టి మోకాలితో నొక్కి చూడు. కాగితానికి చెమ్మ అంటితే తొడుగు వేయవద్దు. తొడుగులను ఇనుప తీగ మీద కాకుండా నైలాను తాడు మీద ఆరవేయించు, తుప్పు మరక వదలదు. ఇస్త్రీ జోలికి అసలు పోవద్దు.

జూన్‌లో వానలు మొదలయ్యాక సగం మెత్తలను లోపల పెట్టేయడమే తెలివైన పని. మన తీరానికి అక్టోబరు మరీ గడ్డు నెల. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11వ తేదీనే. హెచ్చరిక వచ్చాక పరుగులు తీయకుండా, ముందే సర్దించు. పూర్తిగా ఆరినవాటిని పాత దుప్పట్లలో చుట్టి, నేలకు తగలకుండా మంచం మీద పేర్చాలి. ప్లాస్టిక్ సంచుల్లో బిగిస్తే లోపలి చెమ్మకు అక్కడే బూజు పడుతుంది. తడి మెత్తల మీద బరకం కప్పినా అంతే.

జిప్పులు బిగుసుకుపోతే కొవ్వొత్తి ముక్కతో రుద్దించు. ఇనుపవైతే మార్చేయక తప్పదు. కుట్లు ఊడిన చోట నూలు దారం వాడనివ్వక, పాలియెస్టరు దారంతోనే వేయించు. జాడించినా, ఆరబెట్టినా ముక్క వాసన వదలని స్పాంజిలను పక్కన పెట్టి, పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో రాసి పంపు. ఇక్కడ కోయించి బస్సులో వేయిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య