కత్తుల బాకీకి పాత తేదీ స్టాంపు పేపరు వద్దు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె, కొలిమి పని. విశాఖలో కత్తులు సేకరించే ఒకాయన, నేను కలిసి ఒక డిజైన్ అనుకుని ఎనిమిది కత్తులు చేశాం. 2023 నవంబరు 18న మా కొలిమి దగ్గరే ఆయనకు అప్పగించాను. మొత్తం 1,20,000 రూపాయలు, అడ్వాన్సుగా 40,000 బ్యాంకులో వేశారు. మిగతాది ఎప్పుడిస్తారో అనుకోలేదు. కాగితం లేదు, వాట్సాప్ మెసేజిలే ఉన్నాయి. ఫొటోలు అప్పుడే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ఇప్పుడు అదే డిజైన్ వేరేచోట చేయించి తనదంటున్నారు. సొంత అన్నలా నమ్మాను. పాత స్టాంపు పేపరు తెస్తాం, సంతకం సంగతి మేం చూసుకుంటాం అని తెలిసినవాళ్లు అంటున్నారు. రాయించుకోవచ్చా?

జవాబు: వద్దు. స్టాంపు ఎవరికి, ఏ తేదీన అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది, అవతలి లాయరు మొదట తెప్పించేది అదే. కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల దాకా జైలు, ఫోర్జరీ కేసు వేరే. నిజంగా రావాల్సిన 80,000 కూడా దాంతోనే పోతుంది.

మీ ఉత్తరంలో నాకు కావలసింది నవంబరు 18 ఒక్కటే. చెల్లింపుకు గడువు అనుకోలేదు కాబట్టి సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు, అంటే 2026 నవంబరు 18 లోపు దావా కోర్టులో పడాలి. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. ఈ లోపు ఆయన బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసి కాగితం ఇస్తే మాత్రం ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. వాట్సాప్‌లో 'ఇస్తాలే' అన్నది ఆ సంతకంతో సమానమని ధీమాగా కూర్చోకండి.

ఇంత పని నోటి మాట మీద చేయడం అజాగ్రత్తే. అయినా కేసు ఉంది. ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు, ఆ ప్రింటు ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. 40,000 పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పగించేటప్పుడు పక్కనున్న మనిషి సాక్ష్యం, ఈ రెండూ చాటింగ్ కన్నా గట్టివి.

డిజైన్ మీద ఆశ పెట్టుకోవద్దు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరు కావాలంటే అది ముందే బయటపడి ఉండకూడదు, మీరే ఫొటోలు పెట్టేశారు. ఇకపై ఎవరితో కలిసి కత్తి చేసినా స్కెచ్ ఎవరిది, మళ్లీ ఎవరు చేయొచ్చు, బ్లేడు మీద ఎవరి ముద్ర, మిగతా డబ్బు ఏ రోజు అన్నవి కొలిమి రాజేయకముందే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి.

కత్తులు మీ దగ్గరే చేతులు మారాయి కాబట్టి విశాఖ తిరగక్కర్లేదు, మీ పరిధిలోని సివిల్ కోర్టులోనే వడ్డీతో దావా వేయొచ్చు. ముందు విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో రాజీకి అర్జీ పెట్టి చూడండి. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. అక్కడ వాయిదాలు పడుతుంటే మాత్రం ఆగకుండా గడువుకు నెల ముందే దావా వేసేయండి.